డెక్కా వారి 'వార్ రిక్వియం': హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి

ఇంగ్లీషు సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్ 'వార్ రిక్వియం', రికార్డు కంపెనీ డెక్కా వేసిన రెండు సీడీల సెట్, ఇక్కడ చెన్నైలో ఒక పాత రికార్డుల షాపులో దొరికింది. 1963 జనవరిలో లండన్‌లో బ్రిటెన్ తనే కండక్ట్ చేసిన రికార్డింగ్. ఎక్కడ కనబడినా వదలకండి.

1940లో జర్మన్ బాంబులకు కాలిపోయిన ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ కెథెడ్రల్ (పెద్ద చర్చి) పక్కనే కొత్తది కట్టి, 1962లో దాని ప్రారంభోత్సవాలకి ఈ కృతి రాయించుకున్నారు. చనిపోయినవాళ్ల కోసం చర్చిలో పాడే లాటిన్ ప్రార్థన కోరస్‌ది, మధ్యమధ్యలో విల్‌ఫ్రెడ్ ఓవెన్ ఇంగ్లీషు కవితలు ఇద్దరు గాయకులవి. ఓవెన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు, యుద్ధం ఆగడానికి వారం ముందు 25 ఏళ్లకే పోయాడు.

మన దగ్గర సైనికుల పాటంటే జెండా, వీరత్వం, ఆగస్టు 15. అవీ కావాలి. కానీ పోయిన ప్రాణం ఖరీదెంతో ఇంత సూటిగా అడిగిన సంగీతం నేనైతే వినలేదు. 'ఆఫర్టోరియం' భాగమే తీసుకోండి, బైబిల్లో అబ్రాహాము కొడుకుని బలివ్వబోతే దేవదూత ఆపే కథ కదా, ఓవెన్ కవితలో ముసలాయన ఆ మాట వినడు, కొడుకునీ, యూరప్ సంతానంలో సగాన్నీ ఒక్కొక్కరిగా చంపేస్తాడు. ఆ 'ఒక్కొక్కరిగా' అన్న మాటే గాయకులిద్దరూ ముక్కలు ముక్కలుగా పాడుతుంటే ఎక్కడో దూరం నుంచి పిల్లల కోరస్ తియ్యగా ప్రార్థన పాడుతూ ఉంటుంది. మా ఇంట్లో ఒకరు ఆర్మీలో ఉన్నారు కాబట్టేమో, ఇక్కడికి రాగానే నాకు గొంతు పట్టేస్తుంది.

బ్రిటెన్ మొదటినుంచీ అనుకున్న ముగ్గురు సోలో గాయకులూ, రష్యన్ గాయని విష్నెవ్‌స్కాయా, ఇంగ్లీషాయన పియర్స్, జర్మన్ ఫిషర్-డీస్కావ్, ఇందులో ఉన్నారు (తొలి ప్రదర్శనకి సోవియట్ ప్రభుత్వం ఆవిడని వెళ్లనివ్వలేదు). ఫిషర్-డీస్కావ్ స్వయంగా రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో పనిచేసి యుద్ధఖైదీగా ఉన్న మనిషి, చివర్లో 'నువ్వు చంపిన శత్రువుని నేనే' అనే చచ్చిపోయిన సైనికుడి మాటలు ఆయనే పాడతాడు.

ఇబ్బంది ఒక్కటే, సౌండ్. మొదట్లో గంటలూ కోరస్ గుసగుసలూ ఫ్యాన్ చప్పుడుకే మునిగిపోతాయి, సరే కదా అని వాల్యూమ్ పెంచితే కాసేపట్లో బాకాలు ఇల్లు అదరగొడతాయి. బస్సులో, కారులో అసలు వద్దు.

ఇక్కడి నందంబాక్కం యుద్ధ శ్మశానంలో రాళ్ల మీద చెక్కిన వయసులు చదివి చలించినవాళ్లకి ఇది వెంటనే తగులుతుంది. మొత్తం దాదాపు గంటా ఇరవై నిమిషాలు, కొత్తవాళ్లు కవితలు ఎదురుగా పెట్టుకుని ముందు 'ఆఫర్టోరియం', చివరి 'లిబెరా మే' వినండి, తర్వాత మొదటినుంచి మొదలుపెట్టండి.