కెనడాలో మొదటి చలికాలం: బేస్‌మెంటా, అపార్ట్‌మెంటా?

జూలై, ఆగస్టు వచ్చాయంటే టొరంటో వైపు వస్తున్న మనవాళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "అక్కా, బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ దొరికింది, రెంట్ తక్కువ. తీసేసుకోమంటారా, అపార్ట్‌మెంట్ కోసం ఆగమంటారా?" బేస్‌మెంట్ అంటే ఓనర్లు పైన ఉంటే, ఇంటి కింద నేలమట్టానికి దిగువన ఉండే భాగం. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. మేము రెండింటిలోనూ ఉన్నాం. మొదటి చలికాలం టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్, రెండోది దాని పక్క ఊరు మిస్సిసాగాలో అపార్ట్‌మెంట్. ఇంట్లో నలుగురం: మేమిద్దరం, నాలుగేళ్ల బాబు, మా అత్తయ్య గారు.

బేస్‌మెంట్ నెలకు కొన్ని వందల డాలర్లు తక్కువ. ఉద్యోగాలు కుదురుకునేదాకా అది చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు రెంట్ కంటే ముందు అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఇంట్లో వేడి ఎంత ఉండాలో పెట్టే మీట, అదే థర్మోస్టాట్, ఎక్కడుంది?

చాలా ఇళ్లలో పైకీ కిందకీ కలిపి వేడిగాలి పంపే ఫర్నేస్ ఒకటే. దాన్ని నడిపే థర్మోస్టాట్ పైన ఓనర్ల హాల్లో గోడకు ఉంటుంది. అది కొలిచేది ఆ హాల్లో వేడినే. పైన ఎండ తగిలే కిటికీలు ఉంటాయి, వంట జరుగుతుంది, పైగా వేడిగాలి పైకే పోతుంది. అక్కడ 21 డిగ్రీలు రాగానే ఫర్నేస్ ఆగిపోతుంది. కిందేమో కాంక్రీటు నేల, గోడల వెనకాల చల్లటి మట్టి. మా బేస్‌మెంట్‌లో వేడిగాలి వచ్చే వెంట్లు సీలింగ్‌కే ఉండేవి. వచ్చిన కాస్త వేడీ తల దగ్గరే ఆగిపోయేది, కాళ్లు జివ్వుమంటూనే ఉండేవి. అంటే ఓనర్ ఎంత మంచివాళ్లైనా సరే, కింద చలిగా ఉందన్న సంగతి ఆ మెషీన్‌కు తెలియదు.

మా ఓనర్లూ మంచివాళ్లే. పగలు ఇద్దరూ పనికి వెళ్తూ, ఇల్లు ఖాళీయే కదా అని 17కి తగ్గించి పోయేవారు. కింద ఒక పెద్దావిడ, ఒక పసివాడు ఉన్నారన్నది వాళ్లకు తట్టలేదు. అడగడానికి మేము మొహమాటపడ్డాం. జనవరిలో ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి అత్తయ్య గారు రెండు స్వెట్టర్లు వేసుకుని, ఆ పైన శాలువా, రగ్గు కప్పుకుని, బాబుని ఒళ్లో పెట్టుకుని స్టవ్ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. "ఏం లేదమ్మా, కాస్త చలిగా ఉంది" అన్నారు. ఖమ్మంలో మే నెల ఎండను కూడా ఏనాడూ పెద్దగా పట్టించుకోని మనిషి ఆవిడ. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

చిన్న హీటర్ కొన్నాం. అది నడుస్తుండగా మైక్రోవేవ్ ఆన్ చేస్తే బ్రేకర్ పడిపోయేది. టొరంటో, బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో సెప్టెంబర్ 1 నుంచి జూన్ 15 దాకా అద్దె ఇంట్లో కనీసం 20 డిగ్రీలు ఉండేలా చూడాల్సింది ఓనరే. బేస్‌మెంట్‌కూ అదే రూలు. నాకు ఇది ఫిబ్రవరిలో గానీ తెలియలేదు. థర్మామీటర్ ఒకటి కొని గోడకు పెడితే 16 చూపించింది. ఓనర్‌ని పిలిచి అదే చూపించాను. గొడవేం కాలేదు. పైగదుల్లో కొన్ని వెంట్లు సగం మూశారు, పగలు తగ్గించడం మానేశారు. అయినా కింద 19 దాటడం కష్టంగానే ఉండేది.

ఇప్పుడున్నది పాత బిల్డింగ్. అందరికీ కలిపి ఒక బాయిలర్, కిటికీల కింద వేడినిచ్చే రేడియేటర్లు, హీట్ ఖర్చు రెంట్‌లోనే. పైనా కిందా పక్కనా ఉన్నవి కూడా వెచ్చటి ఇళ్లే. అత్తయ్య గారు ఇప్పుడు ఇంట్లో మామూలు నేత చీరలోనే తిరుగుతున్నారు. ఇబ్బందులు లేవని కాదు. గాలి బాగా పొడిబారి బాబుకు ముక్కులోంచి రక్తం వచ్చింది, గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ పెట్టాక తగ్గింది. ఎండుమిర్చి తాలింపు వేస్తే స్మోక్ అలారం మోగుతుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో కరెంటు హీటర్లు ఉంటాయి, ఆ బిల్లు మనమే కట్టాలి. అది ముందే కనుక్కోండి.

వెలుతురు విషయం కూడా చెప్పాలి. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగు నలభైకే సూర్యుడు అస్తమిస్తాడు. బేస్‌మెంట్ కిటికీ నేలమట్టంలో ఉంటుంది, గట్టిగా మంచు పడితే ఆ కాస్త వెలుగూ మూసుకుపోతుంది. మంటలంటుకుంటే బయటపడేది కూడా ఆ కిటికీలోంచే కావచ్చు, కాబట్టి మనిషి పట్టేంత ఉందో లేదో చూడండి. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్‌ను విడి ఇల్లుగా అద్దెకివ్వాలంటే సిటీలో రిజిస్టర్ చేయించాలి. చేయించారా అని అడగడానికి మొహమాటం వద్దు.

కారు సంగతి: బ్రాంప్టన్‌లో రాత్రి రెండు నుంచి ఆరు దాకా అనుమతి లేకుండా వీధిలో కారు పెట్టకూడదు. అందుకని ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఓనర్ కారు వెనకాల మా కారు. ఆయన తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే మా ఆయన లేచి మంచు గోకి కారు తీసేవారు. చట్టం ప్రకారం మంచు తీయించాల్సింది ఓనరే. మనం చేయాలంటే దానికి విడిగా ఒప్పందం ఉండాలి. ఇప్పుడు అండర్‌గ్రౌండ్ పార్కింగ్, పార ముట్టుకునే పనే లేదు.

బేస్‌మెంట్‌లో నాకు నిజంగా నచ్చింది పెరడు. నేను వంట చేస్తుంటే బాబు వెనకాల మంచులో ఆడుకునేవాడు. అపార్ట్‌మెంట్‌లో వాడికి స్నోప్యాంటు, బూట్లు, గ్లౌజులు అన్నీ తొడిగి, లిఫ్టులో దింపి, మనమూ అక్కడే నిలబడాలి.

వరసగా గోడలు కలిపి కట్టిన టౌన్‌హౌస్ కొత్తగా వచ్చినవాళ్లకు భారం. షేరింగ్ ఇళ్లు ఒంటరిగా వచ్చినవాళ్లకు సరే.

ఇద్దరే ఉండి, పగలంతా బయట ఉండేవాళ్లైతే మంచి బేస్‌మెంట్ తీసుకుని డబ్బు దాచుకోండి, తప్పులేదు. పగలు ఇంట్లో పిల్లలో పెద్దవాళ్లో ఉంటే మాత్రం, ఒక గది తగ్గినా సరే, హీట్ కలిపి ఇచ్చే అపార్ట్‌మెంటే తీసుకోండి. ఇప్పటికే బేస్‌మెంట్‌లో ఉండి, ఏడాది లీజు అయిపోయి, నెలనెలా కడుతున్నవాళ్లు ఖాళీ చేయాలంటే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నవంబర్ మొదటికల్లా మారాలనుకుంటే ఆగస్టు ఆఖరులోగా ఆ కాగితం ఓనర్ చేతికి అందాలి.