దోక్షిత్సెర్ ట్రంపెట్ సీడీ: ఊదేవాళ్ళే కాదు, పాడేవాళ్ళూ వినాలి

ట్రంపెట్ అంటే ఊరేగింపులో చెవులు గింగురుమనేలా మోగేదేనని అనుకునేవాళ్ళకి ముందు ఈ సీడీ వినిపించాలి. ట్రంపెట్ విద్వాంసుడు తిమొఫేయ్ దోక్షిత్సెర్ సోవియట్ కాలంలో మెలోదియా అనే రికార్డుల సంస్థకి ఇచ్చిన పాత రికార్డింగుల్లోంచి కొన్ని ఏరి వేసిన సీడీ ఇది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గుంటూరు వైపు బ్యాండు మేళాల్లో ట్రంపెట్ ఊదుతూ పెరిగాను, ఇప్పుడు చర్చి బ్యాండులో పిల్లలకి నేర్పుతున్నాను. ఊదేవాడి చెవితో విన్నదే ఇక్కడ రాస్తున్నాను.

అరుత్యున్యాన్ కాన్చెర్టో ఒక్కదాని కోసమే ఈ సీడీ కొనొచ్చు. కాన్చెర్టో అంటే ఒక వాయిద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన. అరుత్యున్యాన్ ఆర్మేనియా స్వరకర్త. 1950లో పూర్తయిన ఈ రచన ఎక్కడా ఆగకుండా ఒకే భాగంగా పావుగంట పైచిలుకు సాగుతుంది. మొదట్లో ఆర్కెస్ట్రా వెనక మెల్లగా నిలబడి ఉంటే, ట్రంపెట్ తాళానికి కట్టుబడకుండా ఆలాపన లాంటిది ఎత్తుకుంటుంది. ఇక్కడ చాలామంది గట్టిగా ఊది తమ బలం చూపిస్తారు. దోక్షిత్సెర్ మాత్రం ఒక్కో స్వరాన్నీ సన్నగా మొదలుపెట్టి, ఊపిరితో నింపి, చివర్లో కొంచెం వణికించి వదులుతాడు. మా అన్నయ్య క్లారినెట్ వాయిస్తాడు. అది విని, "ఒరే, ఇది బాకాలా లేదురా, మనిషి గొంతులా ఉంది" అన్నాడు. మధ్యలో గొట్టం మూతికి నాదాన్ని అణిచే మ్యూట్ పెట్టి వాయించే నెమ్మది ఘట్టం ఉంది. మ్యూట్ పెడితే శ్రుతి జారిపోవడం మా పిల్లలకి రోజూ ఉండే టెన్షన్. ఇక్కడ ఒక్క స్వరం కూడా పక్కకి జరగదు. ముగింపుకి ముందు ఆర్కెస్ట్రా ఆగిపోయి ఒంటరిగా వాయించే కాడెన్జా దోక్షిత్సెర్ స్వయంగా రాసుకున్నదే. ఇవాళ ఈ కాన్చెర్టో వాయించే ట్రంపెటర్లలో ఎక్కువమంది ఆ కాడెన్జానే వాయిస్తున్నారు. ఈ రికార్డింగులో ఆర్కెస్ట్రా మాస్కోలోని ఒపెరా, బ్యాలే వేదిక బల్షోయ్ థియేటర్‌ది, కండక్టర్ గెన్నాది రోజ్‌దెస్త్‌వెన్‌స్కీ.

ఈ పాడే గుణం ఎక్కడినుంచి వచ్చిందో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. 1921లో ఉక్రెయిన్‌లోని నీజిన్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం మాస్కో చేరింది. అక్కడ అశ్విక దళం బ్యాండులో కుర్రవాడిగా చేరి బాకా పట్టాడు. తర్వాత మిఖాయిల్ తబకోవ్ దగ్గర శిష్యరికం. తబకోవ్ బల్షోయ్‌లో దశాబ్దాలపాటు ట్రంపెట్ వాయించినవాడు, 1920ల్లో కండక్టరే లేకుండా నడిచిన పెర్సింఫాన్స్ ఆర్కెస్ట్రాలోనూ పనిచేశాడు. దోక్షిత్సెర్ 1945లో బల్షోయ్‌లో చేరి దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడే ఉన్నాడు. అంటే రాత్రి తర్వాత రాత్రి వేదిక కింద ఆర్కెస్ట్రా గుంటలో కూర్చుని, తలపైన పాడుతున్న ఒపెరా గాయకులను వింటూ బతికాడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, మాట ఎక్కడ ముగుస్తుంది, స్వరం ఎక్కడ బరువెక్కాలి అన్నది ఆ గాయకుల నుంచే ఆయనలోకి ఇంకిందని నా నమ్మకం.

దానికి రుజువు సోవియట్ స్వరకర్త గ్లియేర్ కాన్చెర్టో. 1943లో సోప్రానో గొంతు, అంటే ఆడవాళ్ళ పైస్థాయి గొంతు కోసం రాసిన రచన అది, అందులో మాటలుండవు, రాగమే ఉంటుంది. దాన్ని దోక్షిత్సెర్ ట్రంపెట్‌కి మార్చుకున్నాడు. ఆయన ఇలా ఇతరుల సొత్తు ఎందుకు తెచ్చుకున్నాడని కొందరు అడుగుతారు. ట్రంపెట్‌కి సొంత ఆస్తి తక్కువ. హైడన్ కాన్చెర్టో 1796 నాటిది, హుమెల్‌ది 1803 నాటిది. ఆ తర్వాత వాల్వులు వచ్చి ఈ వాయిద్యం అన్ని స్వరాలూ సుళువుగా పలికే కాలానికి, పెద్ద స్వరకర్తలు పియానోకీ వయొలిన్‌కీ కాన్చెర్టోలు రాశారు గానీ దీన్ని ఆర్కెస్ట్రా వెనక వరసలోనే కూర్చోబెట్టారు. ఆ వెలితి పూడ్చడానికి దోక్షిత్సెర్ గొంతు పాటల్నీ వయొలిన్ ముక్కల్నీ పియానో రచనల్నీ ఒక్కొక్కటిగా ట్రంపెట్‌కి రాసుకుంటూ పోయాడు. గ్లియేర్ మొదటి భాగం వినండి. తీగలా సాగే ఆ పొడవాటి వాక్యాలను మధ్యలో తెంపకుండా వాయించాలంటే పొట్టలోంచి ఊపిరి నడపడం వచ్చి తీరాలి. మా పిల్లలకి లాంగ్ టోన్లు (ఒకే స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ ఊదే సాధన) ఎందుకు చేయాలో చెప్పి చెప్పి అలిసిపోయేవాణ్ణి. ఇప్పుడు ఈ ట్రాక్ పెడతాను.

గెర్ష్విన్ రాప్సొడీ ఇన్ బ్లూ కూడా ఉంది, పియానో సోలోని ట్రంపెట్‌కి మార్చినది. వేళ్ళ పని, పెదవుల బలం చూస్తే మతిపోతుంది. కానీ పియానో ఒకేసారి పది స్వరాలు పలుకుతుంది, ట్రంపెట్ పలికేది ఒక్కటే. ఆ స్వరాల గుత్తులు పోవడం నాకు లోటుగానే అనిపించింది. తుమ్మెద ముక్క, అదే రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఫ్లైట్ ఆఫ్ ద బంబుల్‌బీ సంగతి అందరికీ తెలిసిందే. డబుల్ టంగింగ్ (నాలుకని ముందూ వెనకా మార్చి మార్చి వేగంగా స్వరాలు కొట్టడం) ఎంత శుభ్రంగా ఉండొచ్చో చూపించడానికి బాగుంటుంది.

సీడీలో లేనిది సోవియట్ స్వరకర్త వైన్‌బెర్గ్ ట్రంపెట్ కాన్చెర్టో. వైన్‌బెర్గ్ దోక్షిత్సెర్‌కే అంకితమిచ్చిన ఈ రచనని 1968లో మాస్కోలో దోక్షిత్సెర్ మొదటిసారి వాయించాడు. మూడో భాగం పేరు ఫ్యాన్‌ఫేర్లు, అంటే బాకా పిలుపులు. అందులో మెండెల్సన్ పెళ్ళి మార్చ్ తునకతో పాటు ఆర్కెస్ట్రా ట్రంపెటర్లకి బతుకంతా తోడుండే ప్రసిద్ధ పిలుపులు ముక్కలుగా తొంగిచూస్తాయి. పెళ్ళిళ్ళలో వాయించి బతికిన నాకు అది విన్నప్పుడు గుండె బరువెక్కింది. దోక్షిత్సెర్ గురించి వేసే ఏ సంకలనంలోనైనా అది ఉండాల్సిందే. ఇందులో వదిలేయడం పెద్ద తప్పు.

ఇంకో రెండు విషయాలు చెప్పాలి. ఆయన వైబ్రాటో, అంటే స్వరాన్ని వణికించే తీరు, పాత రష్యన్ పద్ధతిది, వెడల్పుగా ఉంటుంది. అమెరికన్ ఆర్కెస్ట్రాల నిటారు నాదానికి అలవాటు పడ్డవాళ్ళకి మొదట ఎబ్బెట్టుగా అనిపించొచ్చు. నాకైతే అదే ప్రాణం. మన చెవి గమకాలు విని పెరిగింది కదా. రెండోది రికార్డింగ్. ట్రంపెట్‌కి మైకు దగ్గరగా పెట్టినట్టుంది, వయొలిన్లు పల్చగా ఎక్కడో దూరంగా వినిపిస్తాయి, అక్కడక్కడా పాత టేపు బుస (హిస్) ఉంది. ఫోన్ స్పీకర్లో అయితే పైస్వరాలు చెవిని కోస్తాయి. కాస్త మంచి స్పీకర్లు పెట్టుకుని, సౌండ్ తగ్గించి వినండి.

సంగీతం నేర్పేవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ పనికొస్తుంది. మాస్కోలోని గ్నేసిన్ సంగీత సంస్థలో ఆయన ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాడు, 1971లో ప్రొఫెసర్ అయ్యాడు. చివరి రోజుల్లో లిథువేనియాలోని విల్నియస్‌లో ఉండి 2005లో అక్కడే కన్నుమూశాడు. ఆయన తిరగరాసిన రచనల్ని తర్వాతి తరంలో ట్రంపెటర్ సెర్గెయ్ నకర్యకోవ్ కుర్రతనంలోనే వాయించి ప్రపంచమంతా తిప్పాడు. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి పిల్లలకి వినిపించండి. వేగంలో కుర్రవాడిదే పైచేయి అనిపిస్తుంది. వాక్యం ముగించే తీరు మాత్రం గురువుల తరం దగ్గరే నేర్చుకోవాలి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. నాకు పంపినవాళ్ళు సరిగ్గా ప్యాక్ చేయక డబ్బా పగిలి వచ్చింది, డిస్క్ మాత్రం బాగానే ఉంది. డబ్బా ఫొటో చూసి డబ్బు కట్టకండి, డిస్క్ అడుగు వైపు ఫొటో అడగండి. గీతలుండి సరిగ్గా ఆ కాడెన్జా దగ్గర ఆగిపోయిందంటే ప్రాణం ఉసూరుమంటుంది.