చెస్ రోలింగ్ కప్పు కొనేముందు తలకిందులు చేసి చూడండి

ట్రోఫీల దుకాణంలో చెస్ కప్పు అని చేతికిచ్చేది చాలావరకు చెస్ కోసం చేసింది కాదు. క్రికెట్‌కీ కబడ్డీకీ అదే కప్పు, పైన గుర్రం బొమ్మ బిగిస్తే మనది. ఆదివారం ర్యాపిడ్ టోర్నమెంటులో అండర్-9 పిల్లలకు పంచడానికి అది చాలు. ఏటా చేతులు మారే రోలింగ్ ట్రోఫీకి చాలదు.

మెటల్ పూత వేసిన ప్లాస్టిక్ కప్పు ఫొటోలో అన్నిటికంటే బాగా మెరుస్తుంది. కానీ పూత పల్చన. చేతి చెమటా, అద్దాలు తుడిచే లిక్విడూ దానికి పడవు. ముందు హ్యాండిళ్ల దగ్గర పొరలు లేచి ప్లాస్టిక్ బయటపడుతుంది. ఫైబర్ గుర్రం ముచ్చటగానే ఉంటుంది గానీ ఒక్కసారి బల్లమీద పక్కకు పడితే చెవులు ఎగిరిపోతాయి. ఫెవిక్విక్‌తో అతికిస్తే చుట్టూ తెల్లటి మచ్చ మిగులుతుంది.

పనికొచ్చేది చెక్క పీఠం మీద నిలబెట్టిన మెటల్ కప్పే. 12 నుంచి 15 అంగుళాల ఎత్తు చాలు. అంతకు మించితే గెలిచినవాడికే కష్టం. మన ఔత్సాహిక ఆటగాళ్ల ప్రయాణం ఎక్కువగా బస్సులోనో స్లీపర్ క్లాసులోనో కదా, ఒళ్లో ఇమడాలి.

మెరుపు సంగతి తర్వాత. ముందు పీఠం అడుగు చూడండి. కప్పు, కాడ, పీఠం అన్నిటినీ మధ్యలో ఉన్న ఒకే రాడ్, కింద ఒకే నట్టు పట్టి ఉంచుతాయి. వాషర్ లేకపోతే నట్టు చెక్కలోకి దిగి వదులవుతుంది, కప్పు గిరగిరా తిరుగుతుంది. వెడల్పాటి వాషర్, దానిపైన స్ప్రింగ్ వాషర్ వేయించండి. 6 ఎం.ఎం. రాడ్ అయితే పది నంబరు పానా సరిపోతుంది. చేత్తో బిగిసేదాకా తిప్పి, పానాతో పావు చుట్టు, అంతే. పాలరాతి పీఠమైతే అంతకు మించిన బిగింపుకు రాయి చిట్లుతుంది. చెక్క అని చెప్పి ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో ఒత్తిన పలక) ఇస్తుంటారు. అడుగున నారలు కనిపించకుండా ఒత్తిన అట్టలా ఉంటే అదే, తడి తగిలితే ఉబ్బుతుంది.

మూత ఉన్న కప్పు తీసుకోకండి. మూతే ముందు పోతుంది.

పేరు స్టిక్కర్ మీద వద్దు, ఇత్తడి రేకు మీద చెక్కించి చిన్న స్క్రూలతో బిగించాలి. పీఠం చుట్టూ విజేతల కోసం కనీసం పది ఖాళీ రేకులు ఉండాలి. ఫలితాల పట్టిక ఖరారయ్యాకే పేరు చెక్కించండి. పాయింట్లు సమానమై బుఖోల్జ్ (ప్రత్యర్థుల పాయింట్ల మొత్తం) దగ్గర తేలే చోట తొందరపడితే రేకు దండగ. సిల్వర్ ప్లేటింగ్‌ను ఇత్తడి పాలిష్‌తో రుద్దితే పూత అరిగిపోతుంది. పొడి నూలుగుడ్డ చాలు.

ఇక మాయమయ్యే సంగతి. 2022 చెన్నై చెస్ ఒలింపియాడ్‌లో (దేశాల జట్ల పోటీ) ఓపెన్, మహిళల విభాగాల ఉమ్మడి ఫలితానికి భారత్‌కు దక్కిన నోనా గాప్రిందాష్విలి ట్రోఫీయే 2024లో తిరిగివ్వాల్సిన వేళకు కనిపించలేదు. ఆ ఏడాది బుడాపెస్ట్‌లో హారిక ఆడిన మహిళల జట్టు, అర్జున్, హరికృష్ణ ఆడిన ఓపెన్ జట్టు రెండూ స్వర్ణం కొట్టడంతో, పోగొట్టుకున్న ట్రోఫీనే మళ్లీ గెలిచాం! అంతటి దానికే దిక్కులేనప్పుడు జిల్లా స్థాయి కప్పు ఎంత?

అందుకే పీఠం అడుగున కూడా టోర్నమెంటు పేరు, సంవత్సరం చెక్కించాలి. ముందు రేకు ఊడినా ఎవరిదో తెలుస్తుంది. ఇచ్చే రోజే నాలుగు వైపులా ఫొటో, రిజిస్టర్‌లో సంతకం, వచ్చే టోర్నమెంటుకు నెల ముందు వాపసు తేదీ. విజేత బడి పిల్లవాడైతే తల్లిదండ్రుల సంతకం కూడా తీసుకోండి. కప్పు ఇంటికి చేరకుండా హెడ్మాస్టర్ గది బీరువాలో ఆగిపోవడం మామూలే. గెలిచినవాడు ఉంచుకోవడానికి ఆరు అంగుళాల చిన్న కప్పు కూడా ఇవ్వాలి. అదీ లేకపోతే పెద్దది వెనక్కివ్వడానికి ఎవరికి మనసొప్పుతుంది?

అప్పటికీ పోతే, రిజిస్టర్‌లో చివరి సంతకం నుంచి వెనక్కి వెతకండి. దొరక్క నకలు చేయిస్తే, అడుగున ‘నకలు’ అనీ సంవత్సరమూ చెక్కించడం మరవకండి. లేకపోతే అసలుది ఏ అటక మీదో దొరికిన రోజు మీ టోర్నమెంటుకు రెండు రోలింగ్ కప్పులు, ఇద్దరు చాంపియన్లు.