పొట్టు, చెట్టు

బైబిల్ కీర్తనల్లో మొదటిదాంట్లో రెండు బతుకులు పక్కపక్కనే ఉంటాయి: నీతిమంతుడు కాలువ ఒడ్డున నాటిన చెట్టు, దుష్టుడు గాలికెగిరే పొట్టు. మా గోదావరి డెల్టా వాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

కళ్లంలో చేటతో తూర్పారబడితే గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, పొట్టు పక్కోడి చేలోకి పోతుంది. ఎగిరేటప్పుడు ఎండకి మెరిసేది మాత్రం పొట్టే. మా ఊళ్లో ఒకాయన ధాన్యం కాటాలో బస్తాకి కిలో నొక్కేవాడు. "బాబాయ్, ఇంకోసారి తూద్దామా?" అంటే చాలు, ముఖం మాడిపోయేది. ఎవరూ తరమకుండానే దుష్టుడు పారిపోతాడని బైబిల్లోనే సామెతల గ్రంథం 28:1లో ఉంది. మోసపు తిండి ముందు తియ్యగా ఉండి తర్వాత నోట్లో మన్నవుతుందని 20:17లో ఉంది.

చెట్టు సంగతి ఇంత రంజుగా ఉండదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలువల్ని ఇప్పటికీ వేసవిలో నీళ్లు రాకుండా కట్టేస్తారు. అయినా గట్టుమీది కొబ్బరిచెట్టు పచ్చగానే ఉంటుంది, అడుగున తడి ఉంటుంది కాబట్టి. నీతిగా ఉంటే కష్టాలు రావని చెప్పేవాళ్లని నేను నమ్మను, బైబిల్లో అంత నీతిగా బతికిన యోబుకి రాలేదా? నాకు తెలిసిన ఆనందం చిన్నది: కాటా ఎవరు చూసినా చెయ్యి వణకదు, పడుకోగానే నిద్రపడుతుంది.