ఐదేళ్లు వాడిన ఆన్‌లైన్ యూపీఎస్: బ్యాటరీల దగ్గరే అసలు పరీక్ష

మా ఆఫీసు సర్వర్, నెట్‌వర్క్ స్విచ్, రౌటర్ మూడూ ఐదేళ్లుగా ఒకే 3 కేవీఏ సామర్థ్యమున్న ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటు పోతే బ్యాటరీతో నడిపే పెట్టె) మీద నడుస్తున్నాయి. అంతకుముందు లైన్ ఇంటరాక్టివ్ రకం ఉండేది. కరెంటు పోయాకే అది బ్యాటరీకి మారుతుంది; మారే ఆ కొన్ని మిల్లీసెకన్లలోనే మా పాత సర్వర్ ఒక్కోసారి రీస్టార్ట్ అయ్యేది. ఆన్‌లైన్ రకంలో ఆ విరామమే లేదు. వచ్చిన ఏసీ కరెంటును డీసీగా, దాన్ని మళ్లీ ఏసీగా మార్చి ఎప్పుడూ తానే అందిస్తుంది కాబట్టి, కరెంటు పోయిన సంగతి సర్వర్‌కు తెలియనే తెలియదు. ఫ్యాను చప్పుడు మాత్రం ఎక్కువే. మనుషులు కూర్చునే గదిలో పెట్టుకోవద్దు.

మేం దెబ్బతిన్నది బ్యాటరీల దగ్గర. లోపల 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు ఉంటాయి. కొత్తలో మా లోడుకు అరగంట వచ్చేవి. మూడో ఏడు ఒక సాయంత్రం కరెంటు పోయింది. తెర మీద బ్యాటరీ 100 శాతం చూపిస్తోంది కదా అని నిశ్చింతగా పని చేసుకుంటున్నాం. నాలుగో నిమిషంలో బీప్ ఆగకుండా మోగింది. ఆ వెంటనే సర్వర్ గదిలో హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. డేటాబేస్ పాడైంది. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకునేసరికి తెల్లవారింది. మూత తీసి చూస్తే రెండు బ్యాటరీలు పక్కలకు ఉబ్బి, అరలో బిగుసుకుపోయి, ఎంత లాగినా బయటికి రాలేదు.

తప్పు మాదే. గాలి ఆడని మూలలో పెట్టాం. ఈ బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర లెక్కగడతారు. ఆపైన సుమారు ప్రతి పది డిగ్రీలకూ అది సగమవుతుంది. తెర మీది శాతం చార్జింగ్ ఎంతుందో అంచనాగా చెబుతుందే గాని, బ్యాటరీలో సత్తువ ఎంత మిగిలిందో చెప్పదు.

పాతవీ కొత్తవీ కలిపితే కొత్తవి కూడా త్వరగా చెడతాయని ఆరింటినీ ఒకేసారి మార్చాం. మొదటి రోజు నుంచీ అట్టపెట్టెలోనే పడి ఉన్న యూపీఎస్ యూఎస్‌బీ కేబుల్‌ను సర్వర్‌కు తగిలించి, కరెంటు పోయిన ఐదు నిమిషాలకు సర్వర్ తనంతట తానే షట్‌డౌన్ అయ్యేలా అమర్చాం. అరగంట ఉండగా ఐదు నిమిషాలే ఎందుకని మావాళ్లు అడిగారు. కరెంటు పోయాక మా జనరేటర్ అందుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ఐదు నిమిషాలైనా రాలేదంటే ఇక దాని మీద ఆశ పెట్టుకోకూడదు. అన్నట్టు, లేజర్ ప్రింటర్‌ను దీనికి తగిలించకండి; వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకు ఓవర్‌లోడు అలారం మోగుతుంది.

ఇప్పుడు మూడు నెలలకోసారి సెలవు రోజున సర్వర్ ఆపి, అంతే లోడుకు సరిపడా పాతరకం ఫిలమెంటు బల్బులు తగిలించి, యూపీఎస్ ప్లగ్ పీకి గడియారం చూస్తాం. కిందటిసారి 26 నిమిషాలు వెలిగాయి. 15కు దిగిన రోజున ఆరూ మార్చేస్తాం.