‘ఎల్’ దగ్గర ఆగిపోయిన నిఘంటువు

ఆంబ్రోస్ బియర్స్ రాసిన వ్యంగ్య నిఘంటువు ‘ది డెవిల్స్ డిక్షనరీ’ని ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి కడపకు తెప్పించుకున్నాను. వచ్చింది చవకరకం పేపర్‌బ్యాకు. కాగితం పలుచన, అచ్చు చిన్నది, అయినా చదువుకోవడానికి ఇబ్బంది లేదు. అట్ట మీద ‘సంపూర్ణ ప్రతి’ అని కూడా వేశారు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన మనిషి యుద్ధమనే మాటకు ఏం అర్థం చెప్పారో చూద్దామని చివరి పేజీలు తిప్పితే, పుస్తకం ‘ఎల్’ అక్షరంతోనే అయిపోయింది. పేజీలు ఊడిపోయాయేమోనని అంకెలు సరిచూశాను. ఒక్క పేజీ కూడా తప్పిపోలేదు.

కారణం ఆ పుస్తకం పుట్టుకలోనే ఉంది. బియర్స్ ఈ నిర్వచనాలను 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ‘ది వాస్ప్’ అనే వారపత్రికలో మొదలుపెట్టి, మధ్యమధ్య చాలాకాలం ఆపుతూ 1906 దాకా కొనసాగించారు. ఆ ఏడాది ‘ఎ’ నుంచి ‘ఎల్’ వరకు ఉన్న భాగం ‘ది సినిక్స్ వర్డ్ బుక్’ అనే పేరుతో పుస్తకంగా వచ్చింది. పత్రికవారి మతపరమైన సంకోచాల వల్ల ఆ మర్యాదైన పేరుకు ఒప్పుకోవలసి వచ్చిందని తర్వాత ఆయనే ముందుమాటలో చెప్పుకున్నారు. అన్ని అక్షరాలతో, తాను కోరుకున్న పేరుతో అది వెలువడింది 1911లో, ఆయన రచనల సంపుటాల్లో ఏడవదిగా. నాకు వచ్చిన ప్రతిలో 1906 నాటి సగం పాఠానికి 1911 నాటి పేరు తగిలించారు. కాపీరైటు తీరిపోయిన పుస్తకాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. కానీ సగమే ఉందన్న సంగతి ఎక్కడా చెప్పకుండా సంపూర్ణమని అమ్మడం పాఠకుడిని మోసగించడమే. ‘ఓర్పు’, ‘శాంతి’, ‘యుద్ధం’ వంటి పదాలకు ఆయన ఇచ్చిన అర్థాలన్నీ ఆంగ్ల అక్షరక్రమంలో ‘ఎల్’ తర్వాతే వస్తాయి గనుక, ఈ ప్రతి కొన్నవారికి బియర్స్ పదునులో సగానికి సగం దక్కదు.

మిగిలిన భాగాన్ని ప్రాజెక్టు గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే 1911 పాఠంలో చదివాను. ప్రచురణకర్త వదిలేసిన మాటల కోసం వెళ్లినవాణ్ణి, రచయిత వదిలేసిన మాటల దగ్గర చాలా రోజులు ఆగిపోయాను.

బియర్స్ తొమ్మిదవ ఇండియానా పదాతిదళంలో సైనికుడు. 1862లో షైలో యుద్ధంలో ఉన్నారు. 1864 జూన్‌లో కెనెసా కొండ దగ్గర తలకు తూటా దెబ్బ తిన్నారు. ఆయన నిఘంటువులో ఫిరంగి అంటే దేశాల సరిహద్దులను సరిదిద్దే పనిముట్టు. పోరు అంటే నాలుకకు లొంగని రాజకీయపు ముడిని పళ్లతో విప్పే పద్ధతి. ఇలా యుద్ధానికి, దాని సరంజామాకు, దానిని నడిపే దొరలకు అర్థాలు దొరుకుతాయి గాని, 1911 పాఠంలో ‘సైనికుడు’ అనే మాట లేదు. ‘గాయం’ లేదు. ‘పదాతిదళం’ కూడా లేదు. గుర్రపు సైనికుణ్ణి మాత్రం వదల్లేదు, ముందుకు కాలినడకన పోయి, వెనక్కి గుర్రం మీద వచ్చేవాడని ఎద్దేవా చేశారు. కాలిబంటుగా పనిచేసినవాడు ఆ ఎగతాళిని తన తోటివారి దాకా రానివ్వలేదు. మాటలు దొరకక వదిలేశారని అనుకోవడానికి వీల్లేదు. నిఘంటువు మొదలైన 1881లోనే, అదే వారపత్రికలో, షైలో రణరంగంలో తాను చూసినదాన్ని వ్యాసంగా రాశారు. తోటి సైనికుల చావును అక్కడ వివరించారు. సైనికుడికి చోటు లేక కాదు, ఆ చోటు నిఘంటువులో లేదు, అంతే.

‘అమ్మ’ కోసం వెతికాను, ‘కొడుకు’ కోసం వెతికాను. రెండూ లేవు. బియర్స్ పెద్ద కొడుకు 1889లో, చిన్న కొడుకు 1901లో మరణించారు. పెళ్లిని, భర్తను, అనాథను, చివరకు శైశవాన్ని కూడా నిర్వచించిన మనిషి ఈ రెండు మాటలను తాకకపోవడానికి ఆ దుఃఖమే కారణమని రుజువు చేయలేను, కానీ ఆ ఖాళీని చూసినప్పటినుంచి ఈ పుస్తకాన్ని గుండె లేని పుస్తకమని ఎవరైనా అంటే ఒప్పుకోలేకపోతున్నాను.

రాయలసీమవాణ్ణి కావడం వల్ల నేను ముందుగా వెతికిన మాటలు ‘కరువు’ (ఫామిన్), ‘ఆకలి’ (హంగర్). తిండిపోతు ఉన్నాడు, కడుపు నిండినవాడి తృప్తి ఉంది, ఆకలి లేదు. ‘దారిద్ర్యం’ ఉంది గాని అక్కడ కూడా దెబ్బ పడింది సంస్కర్తల మీదే, పేదవాడి మీద కాదు. 1876లో మొదలైన ధాత కరువు కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలను ఊడ్చిపెట్టింది. ఆ మాట ఇక్కడి ఇళ్లలో తరాలు దాటి వచ్చింది. ‘ఏమిరా, కరువులో పుట్టినట్ల తింటాండావు’ అని మా అవ్వ మమ్మల్ని నవ్వుతూ గదిమేది. ఇంటికి వచ్చిన పరాయివాడు విస్తరి ముందు కూర్చొని రెండోసారి, మూడోసారి అన్నం అడిగినా ఆమె నోట ఆ మాట వచ్చేది కాదు. ఆ పరిమితి ఆమెకు ఎవరూ నేర్పలేదు. నిఘంటువులో ‘ఆకలి’ని వదిలిపెట్టిన మనిషికి కూడా అది తెలుసునని నేను నమ్ముతున్నాను.

అన్నిచోట్లా అంత విచక్షణ చూపలేదన్నది కూడా చెప్పాలి. ఆడవారి మీద వేసిన విసుర్లు పుస్తకమంతా పరుచుకొని ఉన్నాయి. సుఖమంతా వెనకే మిగిలిపోయినది పెళ్లికూతురని చెప్పిన మాటలో ఎంతో కొంత జాలి ఉందనుకోవచ్చు. మిగిలినవాటిలో చాలా మటుకు ఒకే విసురును అక్షరం మార్చి మళ్లీ వేసినట్టు ఉంటాయి. వదిలెయ్యవలసినవి ఇవి.

ఇదే కోవకు చెందిన ఫ్రెంచి రచయిత ఫ్లాబేర్ ‘వాడుక భావాల నిఘంటువు’లో వదిలివేత మరో రకం. పుస్తకం మొత్తంలో తన సొంత మాట ఒక్కటి కూడా ఉండకూడదని, చదివినవాడు అందులోని మాటే నోట వస్తుందేమోనని మాట్లాడడానికే జంకాలని ఆయన 1852లో ఒక ఉత్తరంలో రాసుకున్నారు. అక్కడ రచయిత తననే వదిలేసుకున్నారు. పద్ధతిగా అది గొప్పది, కాని చదువుతున్నంతసేపు నాకు బియర్సే కావాలనిపించింది.

అదే 1852లో మన బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. కడపలో ఆయన బంగళా ఉన్నచోట, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో వెలసిన గ్రంథాలయంలో కూర్చొని ఆ పుటలు తిప్పినవారికి తెలుస్తుంది, పండితులు వద్దనుకునే వాడుక మాటలు కూడా అందులో ఎన్నో కనిపిస్తాయి. తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాల కోసం 1854లో ఆయన మిశ్రభాషా నిఘంటువునే విడిగా వేశారు. జనం నోట ఉన్న మాటను వదలకూడదన్నది ఆయన నియమం. అర్థం చెప్పడానికి రాసే నిఘంటువుకు అది తగిన నియమం; కొట్టడానికి రాసే నిఘంటువులో ఏ మాట మీద చెయ్యి ఎత్తలేదన్నదే నేను ముందు చూస్తాను.

కొనదలచినవారు డేవిడ్ షుల్ట్జ్, ఎస్. టి. జోషి సంపాదకత్వంలో 2000లో జార్జియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసిన ప్రతి తీసుకోవడం మంచిది. పత్రికల్లోనే మిగిలిపోయిన నిర్వచనాలను కూడా అందులో చేర్చారు. ధర ఎక్కువనిపిస్తే గుటెన్‌బర్గ్ పాఠం చాలు. చవక ప్రతే కావాలంటే ముందు చివరి పేజీ చూడండి: 1911 పాఠం ‘జువాలజీ’ అనే మాటతో ముగుస్తుంది, అది లేకపోతే పుస్తకాన్ని వెనక్కి పంపించండి.