పీణ్యాలో లీన్–ఎజైల్ క్లాసు: మొదటి రోజు గట్టిది, రెండో రోజు తేలిపోయింది

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యాలో చిన్న యూనిట్ల కోసం పెడుతున్న రెండు రోజుల క్లాసు ఇది. లీన్ అంటే వృథా, స్టాకు తగ్గించే పద్ధతి; ఎజైల్ అంటే మారే ఆర్డర్లకు త్వరగా సర్దుకునే పద్ధతి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్రెస్ షాపులు, షీట్ మెటల్ పనులవాళ్లు. ట్రైనర్ కన్నడం, ఇంగ్లిష్ కలిపి చెబుతారు. హిందూపురం, అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ సూపర్‌వైజర్లకు ఇబ్బందేమీ ఉండదు.

లీన్ భాగానికి మంచి మార్కులే వేయాలి. లీన్ పుట్టిన టయోటా చరిత్రతో కాలక్షేపం చేయకుండా నేరుగా లెక్కలోకి దిగుతారు. రోజుకు 400 పీసుల వాడకం, మళ్లీ నింపడానికి 2 రోజులు, 25 శాతం అదనం, బిన్నుకు 50 పీసులు: అంటే 20 కాన్‌బాన్ కార్డులు (బిన్ను ఖాళీ అయితే మళ్లీ నింపమని చెప్పేవి). డై (షీటుకు ఆకారమిచ్చే అచ్చు) మార్పిడి పాఠం ఇంకా బాగుంది. డై మార్చడానికి గంటన్నర పట్టే ప్రెస్సు మీద బ్యాచ్ (ఒకసారి డై ఎక్కించి కొట్టే పీసుల సంఖ్య) తగ్గిస్తే షిఫ్టంతా మార్చడానికే సరిపోతుంది. అందుకే ముందు, ప్రెస్ ఆగితేనే అయ్యే పనినీ నడుస్తుండగా చేసుకోగల పనినీ విడదీయిస్తారు. డైల కింద ప్లేట్లు వేసి ఎత్తులన్నీ ఒకటి చేస్తే షట్ హైట్ (ప్రెస్ పూర్తిగా కిందికి దిగినప్పుడు డైకి మిగిలే ఎత్తు) మళ్లీ సెట్ చేయక్కర్లేదు. క్లాంపు పట్టే చోట మందం ఒకటైతే అవే బోల్టులు అన్నిటికీ పనికొస్తాయి.

ఎజైల్ దగ్గరికొచ్చేసరికి పస తగ్గింది. ఆర్డర్ ఎటు మారినా తట్టుకోవాలన్నారు, సరే, దేనితో? కొంత కెపాసిటీ ఖాళీగా ఉంచితేనే అది సాధ్యం. ఆర్డర్లు ఎప్పుడొస్తాయో, ఎంతసేపు పడతాయో తెలియని మెషీన్ మీద లోడు 80 శాతం ఉంటే, క్యూలో నిరీక్షణ సగటు జాబ్ టైముకు సుమారు 4 రెట్లు. 95 శాతానికి చేరితే 19 రెట్లు. ఈ లెక్క బోర్డెక్కలేదు. ఖాళీ మెషీన్ కనబడితే నిద్రపట్టని ఓనర్లకు ముందు చెప్పాల్సింది ఇదే.

లీన్, ఎజైల్ రెండూ కలిసే చోటును కూడా పది నిమిషాల్లో దాటేసి, 5ఎస్ (పనిచోటును సర్ది శుభ్రంగా ఉంచే పద్ధతి) పోస్టర్లకు మధ్యాహ్నమంతా ఇచ్చారు. ప్యానెల్ బాక్సుల షాపునే తీసుకోండి. బాడీ అన్ని ఆర్డర్లకూ ఒకటే అయితే అంతవరకు కార్డులతో నడపొచ్చు. తలుపు కటౌట్లు, పౌడర్ కోటింగ్ రంగు ఆర్డర్ చేతికొచ్చాకే. అయితే కోటింగ్ లేని సీఆర్ (కోల్డ్ రోల్డ్ స్టీలు) షీట్ బాడీలు వానాకాలంలో తుప్పు పడతాయి, ఆ స్టాకు ఎక్కువ పెట్టుకోకూడదు.

వెళ్లేవాళ్లు మూడు నెలల డిస్పాచ్ రిజిస్టర్ పట్టుకెళ్లండి. వారం వారం వచ్చే పార్టులేవో, ఎప్పుడో ఒకసారి వచ్చేవేవో అందులోనే తేలిపోతుంది; మొదటివి లీన్‌కు, రెండోవి ఎజైల్‌కు. లీన్ ఒక్కటే చాలనుకుంటే ఫీజు కట్టేముందు కేంద్రం 2023లో తెచ్చిన ఎంఎస్ఎంఈ లీన్ స్కీము చూసుకోండి; ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న యూనిట్లకు అమలు ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది.